పసుపు పడిన పుట

అమ్మణి చేసింది తప్పని ఆ వీధిలో ఎవరూ అనరు. హోసూరు బజారులో ఇనుప సామాన్ల కొట్టు పెట్టిన నాటి నుంచీ ఆయుధపూజకు తక్కెడ, తాళాలు, చిట్టా పుస్తకాలు దేవి ముందు పెట్టి పసుపు కుంకుమ అద్దడం ఆ ఇంటి ఆనవాయితీ. ఈసారి వాటితోపాటు కోడలు శ్రీదేవి పాస్‌పోర్టునూ పెట్టింది అమ్మణి. పిల్ల మలేషియా నుంచి వచ్చింది, ఈ దేశంలో ఉండడానికి ఆ పుస్తకమే ఆధారం, దేవి చల్లగా చూడొద్దూ? చూడాలనే తడి పసుపు తీసుకుని సరిగ్గా వీసా అంటించిన పుట మీదే అద్దింది మహాతల్లి. కోడల్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

రెండు రోజులకు పోలీసాయన వచ్చాడు. బయటి దేశాల వాళ్ల కాగితాలు అప్పుడప్పుడూ చూసిపోవడం మామూలే. ఈసారి పుట తెరిచి మొహం చిట్లించాడు. ఫొటో మీద పసుపు, నంబరు మీద కుంకుమ, అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

“దిద్దినట్టుంది గదమ్మా ఇది. రేపు పదికి కృష్ణగిరి పోలీసు ఆఫీసుకు రాండి. అంతవరకు ఇంకెక్కడికీ పోవద్దండి.”

కొడుకు మహేంద్ర సరుకు కోసం కోయంబత్తూరు వెళ్లి ఉన్నాడు. “నేను వచ్చేసరికి రేపు సాయంత్రమైతుందమ్మా, నువ్వే తోడు పో” అన్నాడు ఫోనులో.

మర్నాడు బస్సులో ఎనిమిది నెలల పాప నమిత శ్రీదేవి ఒళ్లో పాలు తాగుతూ నిద్రపోయింది. సూళగిరి దాటాక శ్రీదేవి నోరు తెరిచింది.

“అత్తా, నన్ను పంపించేస్తే పాపను నాతో పంపిస్తారా?”

“ఎవరు పంపించేది? ఊరికే ఉండు.”

అన్నదే గానీ అమ్మణి చెయ్యి చాచి పాప పాదం పట్టుకుంది. పాప ఇక్కడే పుట్టింది, కాగితాలన్నీ ఇక్కడివే. తల్లి అక్కడిది. పాలు తాగే బిడ్డను ఒళ్లోంచి తీసి ఇటు ఇచ్చి, తల్లిని అటు విమానం ఎక్కించేస్తే? తన వేలితో తానే కదా ఇంత పని చేసింది!

ఆఫీసులో అధికారి ఆడమనిషే. పుటను వెలుతురుకు పట్టి చూసింది.

“ఎవరు చేసినారు ఇట్ల?”

“నేనే తల్లీ. ఆయుధపూజకు పెట్టినాను. నా కోడలికి తెలీదు.”

“మీరు పెట్టినా జవాబు చెప్పాల్సింది ఆమే. అడిగినప్పుడు చూపించాల్సింది ఆమే, చెడకుండా పెట్టుకోవాల్సిందీ ఆమే.”

పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎంతకీ రాలేదు. ఏ దేవి ముందు పెట్టి ఇంతదాకా తెచ్చుకుందో ఆ దేవికే మళ్లీ మొక్కడానికి అమ్మణికి నోరు రాలేదు. ఇంతలో ఒక పోలీసమ్మ వచ్చి, పాపను చూసి, “పాప కాగితాలు తెచ్చినారా? యాడ పుట్టింది?” అని రాసుకుని పోయింది. ఎందుకు రాసుకుందో చెప్పలేదు. శ్రీదేవి బిడ్డను ఎంత గట్టిగా అదుముకుందంటే అది ఉలిక్కిపడి లేచి ఏడ్చింది.

పన్నెండు దాటాక అధికారి వచ్చింది. వీసా వివరాలు కంప్యూటరులో సరిపోయాయట. ముద్ర వేసిన ఒక కాగితం శ్రీదేవి చేతికిచ్చింది.

“కొత్త వీసాకు అర్జీ పెట్టుకోండమ్మా. అది వచ్చేంతవరకు పాస్‌పోర్టూ, ఈ కాగితమూ మీ దగ్గరే ఉండాల. ఇంకొకరి చేతికి ఇయ్యొద్దు.” ఆ చివరి మాట అమ్మణి వైపు చూసి అంది.

అమ్మణికి పోయిన ప్రాణం లేచొచ్చింది. బస్టాండుకు వచ్చాక శ్రీదేవి మరుగుదొడ్డికి పోవాలంది. పొద్దుటి నుంచీ భయంతో బిగబట్టుకుని కూర్చుంది పాపం.

“పాపను ఇట్లియ్యి, నువ్వు పోయి రామ్మా.” అమ్మణి చేతులు చాచింది. పుట్టినప్పటి నుంచీ ఆ బిడ్డకు నీళ్లు పోసింది ఆ చేతులే.

శ్రీదేవి ఒక్క అడుగు వెనక్కి వేసింది.

“వద్దత్తా. నాతోనే ఉండనీ.”

గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే అమ్మణి నాలుగు దులిపి ఊరుకునేది. ఒక చంకలో బిడ్డ, ఇంకో చంకలో కాగితాల సంచి, అట్లాగే ఆ ఇరుకు తలుపులో దూరి లోపల గడియ వేసుకుంది శ్రీదేవి. చాచిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక అమ్మణి చెంగుతో మొహం తుడుచుకుంది.