కళ్లంలో మంచం

కుప్పనూర్పిళ్ల రోజుల్లో శివరామయ్య పొద్దున్నే చేసే మొదటి పని, తమ్ముడి భార్య ధనమ్మని కళ్లంలో నులకమంచం మీద కూర్చోబెట్టడం. ఆమె కూర్చోగానే గాలి వచ్చేది. కూలీలు చేటలెత్తి ధాన్యం జారవిడిచేవారు. తాలు ఎగిరిపోయేది, గింజ కాళ్ల దగ్గర రాశయ్యేది. రేపల్లె చుట్టుపక్కల మిగతా కళ్లాల్లో జనం గాలి కోసం ఎదురుచూస్తూ చుట్టలు కాల్చుకునేవారు.

భర్త పోయిన నాటినుంచీ ఇంతే. ధనమ్మ ఏడవలేదు. లోపల ఏదో పూర్తిగా ఖాళీ అయింది, గాలి ఆమె వైపు రావడం మొదలెట్టింది. ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు. సణుగుడల్లా ఒక్కటే, గాలి ఆమె చుట్టూ అప్రదక్షిణంగా తిరుగుతోందని.

"అపచారమేం లేదండి," అన్నారు హైస్కూల్లో సైన్సు చెప్పే నరసింహమూర్తి మాస్టారు. "ఎండకి కాగినచోట గాలి తేలికై పైకి పోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. చుట్టూ ఉన్న బరువు గాలి అటు తోసుకొస్తుంది. తిన్నగా రాలేదు. కింద భూమి తిరుగుతోందిగా, కుడికి ఒరుగుతుంది. చెట్లూ కుప్పలూ పట్టి లాగుతాయి కాబట్టి చుట్టి చుట్టి లోపలికొస్తుంది. సముద్రం మీద వాయుగుండమూ ఇంతే, ఈ అమ్మాయీ ఇంతే."

"మరి ఆ ఖాళీ నిండితే?" శివరామయ్య అడిగాడు.

"గాలి ఆగిపోతుంది."

అంత సైన్సులో శివరామయ్యకి కావలసిన ముక్క అదొక్కటే. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ధనమ్మతో కబుర్లకి రావడం మానిపించాడు. రేడియో తన గదిలోకి మార్చుకున్నాడు. మరదల్ని కూతురిలా చూసుకుంటున్నానని మాత్రం ఊరంతా చెప్పుకునేవాడు.

ఆ ఏడాది బాపట్లలో గ్రామసేవిక ట్రైనింగుకి ధనమ్మకి సీటు వచ్చింది. సోమవారం లోపల చేరాలి. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇక రాదు.

"నూర్పిళ్లయ్యాక చూద్దాంలేమ్మా," అన్నాడు శివరామయ్య.

"అప్పటికి సీటుండదు బావగారూ."

"లేకపోతే కొంపేం మునిగింది? ఇక్కడ నీకేం తక్కువ?"

ధనమ్మ లోపల కోపం ఉండాల్సిన చోట కూడా ఏమీ లేదు. వెళ్లి మంచం మీద కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం అన్నం క్యారియరు పాలేరు యలమంద తేలేదు. ఎన్నడూ కళ్లం తొక్కని శివరామయ్య భార్య బసవమ్మ తెచ్చింది. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంట్లో అందరికీ నవ్వుతూ వడ్డించే మనిషి. ఆమె గట్టు దిగిందో లేదో, ధనమ్మ చుట్టూ తిరుగుతున్న తాలు గాల్లోనే దారి మార్చుకుని అటు పోయింది. ధనమ్మ కొంగు చప్పబడి ఒళ్లో పడింది. బసవమ్మ చుట్టూ దుమ్ము లేచింది, అదే అప్రదక్షిణం, ఇంకా జోరుగా.

కూలీలు చేటలు పట్టుకుని అటు జరిగారు.

ఇంట్లో తోడికోడళ్లిద్దరూ ఒకే వంటింట్లో ఉండేవారు. పొయ్యి పొగ ఎవరి వైపు వంగుతోందో ఎవరు చూశారు? విధవ ఒకతి ఉందిగా, ఆ గాలినంతా ఆమె మీదికే తోసేశారు.

బసవమ్మ మంచం దగ్గరికొచ్చింది. "లేవవే."

"అక్కయ్యా..."

"పెట్టె సర్ది యలమందకిచ్చాను, స్టేషన్లో ఉంటాడు. తెనాలిలో బండి మారు. బాపట్లలో దిగేదాకా వెనక్కి చూడకు."

ధనమ్మ లేచింది. సంతోషం లాంటిదేమీ తెలియలేదు. కాళ్లు మాత్రం గట్టెక్కి స్టేషను దారి పట్టాయి.

బసవమ్మ మంచం మీద కూర్చుని క్యారియరు విప్పింది. ఎదురుగా నిలబడ్డ శివరామయ్య ఉత్తరీయం భార్య వైపు రెపరెపలాడుతోంది. దాన్ని చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచే?" అన్నాడు.

"తినండి," అంది బసవమ్మ. "చల్లారిపోతుంది."