ఒక్క కేక

ఓర్వకల్లు దగ్గరి ఒక పల్లెలో వెంకటరమణయ్య బడిపంతులు. పగలు పిల్లలకు ఎక్కాలు చెప్పడం, తీరిక దొరికితే ఊరి రైతులకు నాటకాలు నేర్పడం ఆయన పని. రాజు వేషమంటే ఆ చుట్టుపక్కల గిడ్డయ్యదే. చదువు రాదు గానీ, ఒకసారి వింటే పద్యం మరిచిపోడు. గొంతెత్తితే పక్క ఊరి పొలాల్లో పనిచేసేవాళ్లు కూడా నడుం ఎత్తి చూసేవాళ్లు.

కరువు సంవత్సరం గిడ్డయ్య తన చేలో బావి తవ్వించాడు. పది మట్ల లోతు దిగేసరికి నల్లరాయి తగిలింది. రాతికి రంధ్రాలు తొలిచి, మందు దట్టించి పేల్చాలి. వత్తి ముట్టించేముందు మూడుసార్లు కేక వేసి, చుట్టూ ఉన్నవాళ్లను దూరం పంపడం ఆనవాయితీ. ఆ రోజు కూలీలు వెళ్లిపోయాక వత్తి ముట్టించింది గిడ్డయ్యే. అతని తమ్ముడు కంబన్న బావి పక్కన పోసిన మట్టిదిబ్బ నీడలో నిద్రపోతున్నాడు. ఎవరూ చూడలేదు. ఎగిరిన రాయి ఒకటి వచ్చి అతని మీద పడి, అక్కడే ప్రాణం పోయింది.

మూడు కేకలూ వేశానని, తమ్ముడికి వినపడలేదని గిడ్డయ్య చెప్పాడు. ఊరంతా నమ్మింది, వాడి రాత అంతేనని సరిపెట్టుకుంది. కంబన్న భార్య ఉరుకుందమ్మకు పిల్లల్లేరు. బావగారింట్లోనే ఉండిపోయింది. గిడ్డయ్య బావిని సగంలో వదిలేశాడు. పద్యం పాడటం మానేశాడు.

రెండేళ్లు గడిచాయి. కర్నూలు రాజధాని అయిన కొత్త. అక్కడి కాలేజీలో చదువు చెప్పే స్నేహితుడొకడు వెంకటరమణయ్యకు ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చాడు. వేల ఏళ్లనాటి గ్రీకు పండితులు విషాద నాటకం ఎలా ఉండాలనుకునేవారో అందులో రాసి ఉంది. పరమ సాధువు నాశనమైతే చూసేవాళ్లకు రోత పుడుతుంది. దుర్మార్గుడు నాశనమైతే తగిన శాస్తి జరిగిందనిపిస్తుంది. మరీ మంచివాడూ మరీ చెడ్డవాడూ కాని మనలాంటి మనిషి ఏదో ఒక పొరపాటు వల్ల కూలిపోవాలి. తాను చేసిందేమిటో అతనికి ఆలస్యంగా తెలిసిరావాలి. అది చూసినవాళ్లకు జాలి కలగాలి, తమకూ అలా జరగవచ్చునన్న భయం కలగాలి. ఆ ఏడుపుతో లోపల పేరుకున్నదంతా కడిగినట్టు పోతుంది.

ఆ పుటలు చదువుతుంటే వెంకటరమణయ్యకు గిడ్డయ్యే కళ్లముందు మెదిలాడు. గుండెలో గడ్డకట్టిన దుఃఖం వేషంలోనైనా బయటికొస్తే మనిషి తేలికపడతాడనుకున్నాడు. నిజానికి మంచి నాటకం దొరికిందన్న సంతోషం కూడా ఆయనకు లేకపోలేదు. నెల తిరక్కముందే రాసేశాడు. వరదలో పట్టణం మునిగిపోకుండా ఒక రాజు చెరువు కట్ట తెగ్గొట్టిస్తాడు. ముందుగా పల్లపు ప్రాంతంలో మూడుసార్లు దండోరా వేయిస్తాడు. గాలివాన హోరులో అది వినపడక, అక్కడ విడిది చేసిన రాజు తమ్ముడు కొట్టుకుపోతాడు. సంగతి తెలిసి రాజు ప్రాణం తీసుకుంటాడు.

చదివి వినిపించినప్పుడు, నాటకం చావుతో ముగిస్తే ఊరికి అరిష్టమని మిగతా వేషగాళ్లు గొణిగారు. గిడ్డయ్య మాత్రం మొదట్నుంచి చివరిదాకా తల వంచుకుని విన్నాడు. అయిపోగానే చేస్తానన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నందుకు పంతులు ఆశ్చర్యపోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బడి వసారాలో చివరి అంకం సాధన చేస్తున్నారు. ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి చూస్తున్నారు. బావకు మజ్జిగ తెచ్చిన ఉరుకుందమ్మ కూడా చెంబు పక్కన పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. రెండేళ్ల తర్వాత గిడ్డయ్య గొంతు విప్పాడు. పద్యం ఎత్తుకునేసరికి పంతులుకు ఒళ్లు జలదరించింది. తర్వాత రాజు మంత్రితో చెప్పే మాట ఉంది, మూడుసార్లు దండోరా వేయించితినే అని. గిడ్డయ్య అక్కడ ఆగిపోయాడు.

మాట మరిచిపోయాడనుకుని వెంకటరమణయ్య వెనకనుంచి అందించాడు.

"మూడుసార్లు."

పంతులు మళ్లీ అందించాడు.

"మూడు కాదయ్యవారూ," అన్నాడు గిడ్డయ్య. అది రాజు గొంతు కాదు. "ఒక్కసారే పిలిచినా. ఎండకు తల తిరుగుతాండె. బిరీన ముగించుకుని సంగటి తినాలనుకుంటి. ఒక్క కేకేసి ముట్టించినా. ఊరికి అబద్దం చెప్పినా."

గిడ్డయ్య స్తంభం వైపు తిరిగి, నిలబడ్డచోటే కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

ఉరుకుందమ్మ లేచింది. "నాకు తెలుసు బావా," అంది నెమ్మదిగా. "సంగటి గంప నెత్తిన పెట్టుకుని గట్టు మింద వస్తాంటి. నాకు ఇనపడింది ఒక్క కేకే."

మజ్జిగ చెంబు బావ దగ్గరికి జరిపి వెళ్లిపోయింది. మర్నాడు తెల్లారేసరికి ఆమె ఇంట్లో లేదు. పుట్టింట్లో వెతికితే అక్కడికీ రాలేదన్నారు.

వెంకటరమణయ్య గిడ్డయ్య ఇంటికి వెళ్లి, తాను తప్పు చేశానని, నాటకం ఇక ఉండదని చెప్పాడు. గిడ్డయ్య కోప్పడలేదు. "మీ రాజు సచ్చిపోతాడయ్యవారూ. ఆయప్పకు ఆడికి అయిపోయింది. నేను రేపు పొద్దున లేయాల గదా," అన్నాడు. ఉరుకుందమ్మను వెతికిస్తానని పంతులు అంటే వద్దన్నాడు. తన మొహం చూడలేక వెళ్లిపోయిన మనిషిని మళ్లీ ఈడ్చుకొచ్చి ఎదురుగా నిలబెట్టడం పాపమన్నాడు. రెండేళ్ల పాటు తనమీది కోపాన్ని కడుపులో పెట్టుకుని తనకు సంగటి వడ్డించిందే అని తలుచుకుని తలుచుకుని కుమిలిపోయాడు. ఇంకో రెండు వానాకాలాలు బతికాడు. చలిజ్వరం తగిలి ఎనిమిదో రోజున పోయాడు.

ఆ మరుసటి ఏడు పంతులు భార్య అలివేలమ్మ మొక్కుబడి తీర్చడానికి ఇద్దరూ మంత్రాలయం వెళ్లారు. తుంగభద్రలో స్నానం చేసి సత్రానికి వస్తుంటే, పెరట్లో ఇత్తడి గంగాళం తోముతున్న ఆడమనిషి తలెత్తి చూసింది. ఉరుకుందమ్మ. చేతులు కడుక్కుని వచ్చి దండం పెట్టింది. ఊరి వానల సంగతి, పంటల సంగతి అడిగింది. నాటకం ఆడినారా అని అడిగింది. లేదన్నాడు.

"ఆడించింటే బాగుండు. బావ పాట శానా బాగుంటుంది," అంది.

మనసులో నలుగుతున్నది పంతులు ఆపుకోలేకపోయాడు. అంత కోపంతో అన్నేళ్లు ఆ ఇంట్లో ఎలా ఉన్నావమ్మా అని అడిగాడు.

ఆమె అర్థంకానట్టు చూసింది. "కోపం మొదట్లో ఉండె. ఆయప్ప తినేది మానేసి గోడకు ఆనుకుని కూసుండేది దినామూ చూస్తాంటే అది ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. నాకు తెలుసన్న సంగతి ఆయప్పకు తెలిసిపాయ. ఇంక నేను ఎదురుగా తిరుగుతాంటే ఆయప్పను బతకనిస్తాదా ఆ మాట? అందుకే వస్తి." ఆగి అడిగింది. "బాగుండాడా బావ?"

వెంకటరమణయ్య అబద్ధం చెప్పాలనుకున్నాడు. నోరు రాలేదు. గిడ్డయ్య జ్వరంతో పోయిన సంగతి చెప్పాడు. ఆమె తనను అసహ్యించుకుని వెళ్లిపోయిందనుకుంటూనే అతను చనిపోయాడన్నది మాత్రం చెప్పలేదు. ఆమే అడిగింది, తనగురించి ఏమైనా అన్నాడా అని. పంతులు తల దించుకున్నాడు. తాను కోపంతోనే వెళ్లిందని బావ అనుకున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

గంగాళం పక్కన నేలమీద కూర్చుండిపోయింది. "ఒక్క మాట చెప్పి రావాల్సింది," అంది.

లోపల యాత్రికులు విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఎవరో వంటింట్లోనుంచి ఆమెను పిలిచారు. రెండోసారి పిలిచాక ఉరుకుందమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, అన్నం గంప ఎత్తుకుని లోపలికి వెళ్లింది. వెంకటరమణయ్య బంతి చివర కూర్చుని, ఆమె వడ్డించిన అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాడు.