చెప్పకుండా వచ్చిన నీళ్ళు

చర్చి వెనక భార్య సూరమ్మను మట్టి చేసి జ్ఞానయ్య చెరువు గట్టుకు తిరిగొచ్చేసరికి మోటారు ఆడుతూనే ఉంది. అతను కాపలా కాసే చేపల చెరువు అది. కుళ్ళిన మేత, మందులు కలిసిన అడుగునీళ్ళు గొట్టంలోంచి కాలవలో పడుతున్నాయి. కొల్లేటి అంచున ఉన్న ఆ లంక ఊరికి తాగడానికి ఆ కాలవే గతి.

డీజిలు ఇంజను రోజుల్లో హ్యాండిలు తిప్పితేగాని నీళ్ళు కదిలేవి కావు. తిప్పే ముందు జ్ఞానయ్య ఊళ్ళోకెళ్ళి ఇంటింటికీ చెప్పేవాడు. ఆడవాళ్ళు బిందెలన్నీ నింపుకొనేవారు. ఎవరూ రాసిపెట్టని ఆనవాయితీ అది, తప్పేది కాదు. తర్వాత కరెంటు లైను వచ్చింది. గుడిసెల్లో బల్బులు వెలిగాయి. అబద్ధమెందుకు, ఊరంతా సంబరపడింది. ఆ లైను వెంటే ఊరి చుట్టూ ఇంకా చెరువులు తవ్వారు, మోటార్లు దించారు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు దానంతటదే ఆడేలా ఆటో స్టార్టరు బిగించారు. మనిషి చెయ్యి అక్కర్లేని యంత్రానికి మనిషి దాహంతో పనేముంది?

మొన్న కరెంటు పోయినప్పుడు, సాయంత్రం దాకా రాదులే, తిరిగొచ్చి ఊళ్ళో చెబుదామని జ్ఞానయ్య మేత బస్తాల కోసం ఉండి ఊరికి వెళ్ళాడు. మధ్యాహ్నమే కరెంటు వచ్చేసింది, మోటారు దానంతటదే ఆడింది. నాట్ల నుంచి దాహంతో వచ్చిన సూరమ్మ ఎప్పట్లాగే కాలవలో బిందె ముంచి, కొంగుతో వడకట్టుకుని తాగింది. వాంతులు, విరేచనాలు. ఏలూరు ఆసుపత్రికి చేరకముందే భర్త ఒళ్ళో ప్రాణం విడిచింది. తన పెనిమిటి కాపలా ఉన్న చెరువు నీళ్ళే తనను చంపాయని ఆ పిచ్చితల్లికి తెలియనే లేదు. ఊళ్ళో ఇంకా కొందరు మంచాన ఉన్నారు.

జ్ఞానయ్య గట్టు మీద ఉండగానే కరెంటు పోయి మోటారు ఆగింది. చెరువు యజమాని నరసరాజుగారు కారు దిగి వచ్చారు. పరామర్శించారు. ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. రేపు చేపలు పట్టాలని, లారీలు బయల్దేరాయని, నీళ్ళు ఇంకా తగ్గాలని కూడా అన్నారు.

"నువ్వింటికెళ్ళి పడుకో జ్ఞానయ్యా. చెయ్యాల్సిందేం లేదు. కరెంటొస్తే అదే ఆడుతుంది."

"అదే ఆడిందండీ. అందుకే పోయిందండి మా సూరమ్మ."

జ్ఞానయ్య స్టార్టరు పెట్టె తెరిచి, కరెంటొచ్చినా మోటారు ఆడకుండా స్విచ్చి కిందికి లాగాడు. ఊళ్ళో చెప్పి, అందరూ నీళ్ళు పట్టుకున్నాక తనే వేస్తానన్నాడు. అందాకా చేపలు ఆగుతాయేమోగాని లారీలు ఆగవన్నారు రాజుగారు. ఇన్నేళ్ళ ఉప్పు గుర్తుచేశారు.

కరెంటు వచ్చింది. ఊళ్ళో బల్బులు వెలిగాయి. జ్ఞానయ్య ఇంట్లోనూ వెలిగింది. లోపల ఎవరూ లేరు. మోటారు మాత్రం కదల్లేదు.

నరసరాజుగారు స్విచ్చి మీదికి చెయ్యి చాచారు. జ్ఞానయ్య పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దండి," అన్నాడు. "మనుషులున్నారండి ఊళ్ళో."