పసుపు కింద నా నంబరు

నేను ఒక వంటశాల తలుపును. లతలూ హంసలూ చెక్కిన సింహద్వారాన్ని కాను. ఇనప రేకుల మధ్య నిప్పుకు కాలని పీచు కూరి, అంచుల చుట్టూ నల్లటి పట్టీ అతికించి, మనిషి మొహం ఎత్తులో ఒక అద్దం బిగించి నన్ను తయారుచేశారు. వంటశాలలో నిప్పంటుకుంటే రెండు గంటలపాటు దాన్ని ఇవతలికి రానివ్వకూడదు. అదీ నా ఉద్యోగం. ఆ పని నాకింతవరకూ పడలేదు. పడనందుకు నాకేమీ చిన్నతనం లేదు.

నాకంటే ముందు, నా కొలతలతోనే, మా కార్ఖానాలో ఒక తలుపు పుట్టింది. దాన్ని చట్రంతో, కీళ్లతో, అద్దంతో సహా పెద్ద కొలిమి నోటికి బిగించి రెండు గంటలు మండించారు. అటువైపు ఎర్రగా కాలిపోతున్నా, ఇటువైపు నిలబడ్డవాళ్లు కాఫీ తాగుతూ చూశారట. చివరికి అది వంకర తిరిగిపోయి మూలకు చేరింది. నేను దాన్ని అక్క అనుకుంటాను. ఆ అక్క సంపాదించిన సర్టిఫికెట్టే తర్వాత పుట్టిన మా అందరికీ ఆస్తి. ఆ ఆస్తికి గుర్తుగా కీళ్ల వైపు అంచున ఒక రేకు ముక్క బిగించి, దానిమీద నంబరు పొడిచారు.

రాజమండ్రిలో ఒక కొట్టులో నిలబడి ఉండగా నన్ను చూడ్డానికి ఇద్దరు వచ్చారు. ఒకాయన పడాల సుబ్బారాయుడు. రావులపాలెంలో, మెట్లెక్కి వెళ్లే మేడ మీద, తల్లి పేరున ఫంక్షన్ హాలు కడుతున్నాడు. రెండో మనిషి ఆ కట్టడం చూస్తున్న ఇంజనీరు ప్రసూన. మాట తక్కువ, చూపు ఎక్కువ.

“టేకు తలుపేయిస్తే కళగా ఉంటుంది కదమ్మా. ఇదేంటి, బ్యాంకు లాకరులా ఉంది,” అన్నాడు సుబ్బారాయుడు.

“మీ హాల్లోంచి కిందికి దిగే మెట్లు వంటశాల పక్కనే ఉన్నాయి బాబాయిగారూ. నిప్పు ఇటొస్తే జనం ఎటు పోతారు?”

ఆయన మెడ రుద్దుకున్నాడు. “పోనీ అద్దం మామూలుది పెట్టించుకుంటే?”

కొట్టువాడు వెంటనే ఒక అద్దం తెచ్చి గుద్ది చూపించాడు. “సుత్తితో కొట్టినా పగలదండి.”

“సుత్తితో ఎవరు కొడతారండి?” అంది ప్రసూన నెమ్మదిగా. “మంట తగిలితే ఇది కాసేపటికే పొడిపొడిగా రాలిపోతుంది. ఆ మూలనున్న రెండో అద్దం మంటను ఆపుతుంది కానీ సెగను ఆపదు. దాని పక్కనుంచి చంటిపిల్లల్ని ఎత్తుకుని పోలేరు. సెగను కూడా ఆపేది కావాలి.”

అలాంటిది నా అద్దం. పలకల మధ్య కంటికి కనబడని పొరలుంటాయి. వేడి తగిలితే అవి తెల్లగా పొంగి తెర కట్టేస్తాయి.

సుబ్బారాయుడు చివరాఖరుకు ఒక బేరం పెట్టాడు. తలుపు ఇక్కడ కొని, చట్రం మాత్రం తన బావమరిదిచేత చేయిస్తానన్నాడు. “పరీక్షలో నెగ్గింది చట్రంతో కలిపేనండి. విడదీస్తే ఆ కాగితం చెల్లదు,” అంది ప్రసూన. ఆయన నా వంకా ఆ అమ్మాయి వంకా చూసి, “బావమరిది అలుగుతాడు. నువ్వే సర్దిచెప్పుకో,” అన్నాడు. నేను లారీ ఎక్కాను.

కొత్త వంటశాలలో నన్ను బిగించిన రోజే పొయ్యి మీద పాలు పొంగించారు. పాలు గిన్నె అంచు దాటగానే అందరి మొహాలూ విచ్చుకున్నాయి. వాళ్ల పాలు పొంగడం శుభం, నా పొరలు పొంగకపోవడం శుభం.

నన్ను చూసి ఇద్దరు మొహం చిట్లించారు. ఒకరు సుబ్బారాయుడి తల్లి సత్యవతమ్మ. “గడప లేని తలుపేంట్రా? పసుపెక్కడ రాయను?” అని కొడుకును నిలదీసింది. గిన్నెలు మోసేవాళ్ల కాలికి తగలకూడదని గడప పెట్టలేదని ఆయన చెప్పినా వినకుండా నన్ను పైనుంచి కిందిదాకా తడిమి చూసింది. ఏం నిర్ణయించుకుందో ఏమో, మర్నాటినుంచి రోజూ పొద్దున్నే, ఎవరూ రాకముందు, పసుపు గిన్నెతో రావడం మొదలుపెట్టింది.

రెండోవాడు వంటమేస్త్రి సూరిబాబు. హాలు తెరిచేదాకా పనివాళ్లకు అక్కడే వండిపెట్టేవాడు. నాకు పైన ఒక చెయ్యి ఉంది. ఎవరు తెరిచినా అది నన్ను మళ్లీ మూసేస్తుంది. గంగాళం పట్టుకుని వెళ్తుంటే వెనకనుంచి తోస్తానని అతనికి నామీద కోపం. “అత్తగారి తలుపండి ఇది. గుమ్మం దాటకముందే మొహాన వేసేస్తుంది,” అనేవాడు. చివరికి నా కింద ఒక కొబ్బరికాయ పెట్టి కదలకుండా చేశాడు.

ముప్ఫై ఏళ్లుగా సూరిబాబు ఎన్ని పెళ్లిళ్లకు వండాడో లెక్కలేదు. ఒక్క తాళి కట్టడం కూడా కళ్లారా చూడలేదు. ఆ సమయానికి ఎప్పుడూ పులిహోర కలుపుతూ ఉండేవాడు. ఇప్పుడు ఈ హాల్లో మొదటి పెళ్లి అతని కూతురు పావనిదే. “నీ కూతురి పెళ్లితోనే హాలు మొదలవ్వాలి,” అని సుబ్బారాయుడు మాటిచ్చాడు. శుక్రవారం ముహూర్తం. శుభలేఖలు పంచడం అయిపోయింది. అగ్నిమాపక అధికారి సంతకం ఒక్కటే మిగిలింది.

ఆయన సోమవారం మధ్యాహ్నం వచ్చాడు. మొదట నా కిందికి చూశాడు.

“ఈ కొబ్బరికాయకు సర్టిఫికెట్ ఉందాండి?”

సూరిబాబు దాన్ని తీసి చేతిలో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, ఆయనకే ఇవ్వబోయాడు. ఆయన తీసుకోలేదు. కాగితాలు చూసి, “బాగున్నాయి. వీటి నంబరున్న రేకేది?” అని అడిగాడు. నా చుట్టూ వెతికారు. కీళ్ల దగ్గర దట్టంగా పసుపు, దానిమీద కుంకుమబొట్టు కనిపించాయి. పూజ చేసుకున్న చోటని ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

“రేకు లేకపోతే ఈ కాగితాలు ఈ తలుపువే అని నేనెలా రాయనండి? గురువారం వస్తాను. అప్పటికి చూపించండి,” అని వెళ్లిపోయాడు.

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. ప్రసూన కార్ఖానాకు ఫోన్ చేసింది. రేకు బిగించకుండా ఏ తలుపూ తమ దగ్గర్నుంచి బయటికి రాదని వాళ్లన్నారు. ఊడిపోయిందేమోనని సున్నం బస్తాల వెనకా, చెత్తకుప్పలోనూ వెతికారు. సూరిబాబు మంగళవారమంతా ఏమీ తినలేదు. “నేనే పోగొట్టి ఉంటానండి. కొబ్బరికాయ పెట్టినప్పుడల్లా తన్నేవాడిని,” అన్నాడు ప్రసూనతో. ఆ తన్నులు నాకు గుర్తే. అయినా ఆ రోజు అతనిమీద కోపం రాలేదు.

బుధవారం తెల్లవారగానే వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి సత్యవతమ్మ పసుపు గిన్నెతో వచ్చి, నన్ను తెరిచి, కీళ్ల దగ్గర వేలు పెట్టింది.

“మామ్మగారూ, గడప లేదు కదా, అక్కడెందుకు రాస్తున్నారు?”

“దీని పేరు అక్కడే రాసుందిరా. పేరున్న చోట బొట్టు పెడితే తలుపుకు పెట్టినట్టే కదా.”

సూరిబాబు పీట మీదనుంచి లేచిన వేగానికి పీట బోర్లా పడింది. “రెండ్రోజులనుంచి దానికోసమే కదండీ ఊరంతా గాలించాం!”

“నన్ను ఎవరడిగారు?” అంది ఆవిడ. “మీరు బస్తాలు దులుపుతుంటే, పెళ్లికి శుభ్రం చేస్తున్నారనుకున్నాను.”

అతను ఇత్తడి బిందెలు తోమేటట్టు చింతపండు గుజ్జు తెచ్చి నన్ను తోమాడు. నన్ను తన్నిన మనిషే, గోరు తగిలితే ఎక్కడ గీత పడుతుందోనని మెల్లగా తోమాడు. అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ప్రసూన వచ్చి కాగితంతో సరిచూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత అక్కడే నేల మీద కూర్చుని నవ్వింది. ఆ అమ్మాయి పళ్లు కనిపించేలా నవ్వడం అదే మొదలు.

గురువారం అధికారి వచ్చి రేకు చూసి, నన్ను నాలుగుసార్లు తెరిచి వదిలాడు. నాలుగుసార్లూ నేను చప్పుడు లేకుండా వెళ్లి మూసుకున్నాను. కావాలని కొంచెం అందంగానే మూసుకున్నాను. ఆయన సంతకం పెట్టి, “మామ్మగారూ, బొట్టు పక్కన గోడకు పెట్టండి. రేకు కనబడాలి,” అన్నాడు.

“గోడకు పెడితే తలుపుకు అందుతుందా?”

“అందుతుందండి,” అన్నాడాయన గంభీరంగా.

శుక్రవారం పెళ్లి జరిగింది. వంటశాలలో సూరిబాబు మనుషులు వండుతున్నారు. పీటల మీద, పట్టుపంచెలో, సూరిబాబు కూర్చున్నాడు. నా కింద కొబ్బరికాయ లేదు. దాన్ని ఉదయమే పచ్చడి చేసేశారు. మంగళవాద్యం జోరందుకుంది. పావని మెడలో తాళి పడుతుంటే సూరిబాబు రెప్ప వెయ్యకుండా చూశాడు. అక్షింతలు వేసి, కళ్లు తుడుచుకుని, అప్పుడు తల తిప్పి దూరంనుంచి నా అద్దంలోకి చూశాడు. లోపల గరిటె పట్టుకున్నవాడు కనిపించగానే బొటనవేలు, చూపుడువేలు కలిపి రుద్దాడు. పులిహోరలో ఉప్పు సరిపోయిందా అని.

లోపలివాడు ఒక ముద్ద నోట్లో వేసుకుని, నా అద్దానికి దగ్గరగా వచ్చి తల ఊపాడు.

సూరిబాబు తృప్తిగా ముందుకు తిరిగాడు. వడ్డనకు మొదటి గంగాళం నన్ను దాటి బయటికి వెళ్లింది. దాని వెనకే నేను మెల్లగా మూసుకున్నాను.