సట్టో కాగడా

మట్టిమూకుట్లో గొర్రెకొవ్వు చిటచిటమంటోంది. సట్టో అందులో నారగుడ్డ ముంచి, దేవదారు కర్రకు బిగించి చుడుతున్నాడు. ఏటా వేసవి మొదలయ్యే రోజున, శత్రువులొస్తే వెలిగించే బురుజు కాగడాకు కొత్త చుట్టు వెయ్యాలి. పాత చుట్టులో సగం ఎలుకల పాలయ్యేది. ఈ సరిహద్దు గోడ మీద ఇరవై అయిదేళ్లలో రోమ్ సైన్యానికి తాను చూసిన శత్రువులు ఎలుకలేనని అతను తరచూ అనేవాడు.

అతను పొట్టి మనిషి. తేమకు మోకాళ్లు వాచిపోయాయి, ముందు పళ్లలో ఒకటి లేదు. ఎడమచేతివాటం కావడంతో అతను వేసిన ముడి ఎప్పుడూ తిరగేసినట్టు ఉండేది.

"ఒక్కనాడూ వెలిగించని కాగడాకి ఇన్ని సింగారాలా?" అన్నాడు తోటి సైనికుడు మస్క్లో, పొయ్యి దగ్గర గోధుమ జావ కలుపుతూ. "పెళ్లికొడుకు రాడని తెలిసీ ముస్తాబు చేసినట్టుంది."

"నోర్మూసుకుని గరిటె తిప్పు. నిన్న నువ్వు మాడ్చింది కోళ్లు కూడా ముట్టలేదు."

మధ్యాహ్నానికి సట్టో కొలువు ముగుస్తుంది. కోటలో అతని పేరు చెక్కిన కంచు రేకు సిద్ధంగా ఉంది. అది చేతికొస్తే అతను రోమ్ పౌరుడు. పద్నాలుగేళ్లుగా గోడ పక్క గుడిసెలో అతనితో కాపురం చేస్తున్న వెల్వా, చట్టం దృష్టిలోనూ అతని భార్య అవుతుంది. ఆమె పుట్టిల్లు గోడకు ఉత్తరాన, పశువుల కాపర్ల పల్లె.

"అన్నా! మంటలు! రెండు మంటలు!"

పైన కావలి ఉన్న బితస్ అరుపది. డాన్యూబ్ నది ఒడ్డు నుంచి నెల క్రితమే వచ్చాడు. అక్కడ అతని బురుజును దోపిడీమూక తగలబెడితే, అతనొక్కడే బతికి బయటపడ్డాడు.

సట్టో కాగడాతోనే నిచ్చెన ఎక్కాడు. ఉత్తరాన పొగమంచు. అందులో రెండు మంటలు ఎర్రగా కనబడుతున్నాయి. వాటి మధ్య నల్లటి గుంపు కదులుతోంది. కేకలు, కర్రల చప్పుడు.

బితస్ నిప్పుల కుండ మూత తీశాడు. "ఇటివ్వు! అంటిస్తా!"

"ఆగరా."

"ఆగేదేంటి? వచ్చి మీద పడేదాకానా?"

కాపర్ల పల్లె వాళ్ల వేసవి పండగ మంటలేనని సట్టోకు తోచింది. కానీ ఏటా వాగుకు అవతల వేసేవాళ్లు. ఈసారి ఇవతలకు వచ్చాయెందుకు? కాగడా వెలిగిందంటే పక్క బురుజు, ఆ పక్క బురుజు, ఆపైన కోట. గుర్రాల మీద బల్లేలతో వచ్చేవాళ్లు ఎవరినీ ఏమీ అడగరు. ఆ గుంపులో వెల్వా తమ్ముడు ఉండొచ్చు.

"వాళ్లు దొంగలే అయితే?" అన్నాడు బితస్.

"నా రేకు పోతుంది, తలా పోతుంది. నీకు మాట రానివ్వను. కాసేపు విను."

కళ్లకు అందనిది చెవులకు అందుతుందేమోనని సట్టో కళ్లు మూసుకున్నాడు. ఒక ఆవు అరిచింది. దానికి బదులుగా సన్నగా, బెదురుగా ఇంకో అరుపు.

"దూడ," అన్నాడు సట్టో. "దోపిడీకొచ్చేవాడు దూడల్ని వెంటేసుకొస్తాడట్రా?"

మంచు విడిపోయింది. మెడలో పసుపు పూలు కట్టిన దూడలు మంటల మధ్య నుంచి చెంగున దూకుతున్నాయి. వెనక ఆడవాళ్లు నవ్వుతూ చీపుళ్లతో అదిలిస్తున్నారు. వాగు ఈ ఏడు పొంగి అవతలి మైదానమంతా నీళ్లు నిలిచాయి. అందుకే మంటలు ఇవతలకు జరిగాయి.

"అలా తోలితే రోగాలు రావని వాళ్ల నమ్మకం," అన్నాడు సట్టో. "మా ఆవిడ నన్నూ ఓసారి అట్లాగే తోలింది. మోకాళ్లు మాత్రం బాగుపడలా."

బితస్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నవ్వాడో ఏడ్చాడో, సట్టో అటు చూడలేదు.

మధ్యాహ్నం మస్క్లో జావ మాడ్చకుండా దించాడు. సట్టో రెండు గిన్నెలు తాగి, శిరస్త్రాణం మేకుకు తగిలించి, బల్లెం అప్పగించాడు. గుమ్మంలో ఆగి, "నిచ్చెన మూడో మెట్టు జారుతుంది, చూసుకోండి," అన్నాడు. గోడ వెంట గుడిసెల వైపు, తొందర లేకుండా కుంటుకుంటూ నడిచాడు. అక్కడ వెల్వా చెయ్యెత్తి ఊపుతోంది.

పైన బితస్ నిప్పుల కుండకు మూత పెట్టాడు. కొక్కేనికి వేలాడుతున్న కాగడాకు ఎండ తగులుతోంది. కొవ్వు మీద ఒక బొటనవేలి ముద్ర, దాని కింద ఎడమకు తిరిగిన ముడి.