చల్లారే నూనె

ఫిజిక్స్ ల్యాబ్ పరీక్ష మధ్యలో మెదక్ అంతా కరెంటు పోయింది. పక్క టేబుల్ దగ్గర ఎల్లేష్ "ఇగ సప్లీనే" అని తల పట్టుకున్నాడు. ఎగ్జామినర్ నా దగ్గరికొచ్చి, "నువ్వూ లే రెబెకా, మళ్లీసారి చేద్దువుగానీ," అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"జర ఆగుండ్రి సార్. హీటర్ మీద నూనె కాగింది. అండ్లున్న సెమీకండక్టర్‌కు చల్లారేటప్పుడే రీడింగులు తీస్తం. మీటర్ బ్యాటరీతోని నడుస్తది."

"చల్లారితే రెసిస్టెన్స్ తగ్గాలి కదా, నీ మీటర్‌లో పెరుగుతోందేం?"

"తగ్గేది రాగి తీగకు సార్. దీనికి పెరుగుతది."

ఆయన మీటర్ మీదికి వంగి చూశారు. నాకింకా రెండు రీడింగులు కావాలి.

అంతలో ఫ్యాన్లు తిరిగాయి. కరెంటొచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. నేనొక్కదాన్నే ఉరికి నా హీటర్ ప్లగ్గు పీకేశాను.