చెవులకో గది

మా ఇంట్లో వంటగది, పడకగది, హాలు పోగా మిగిలింది ఒక చిన్న గది. దానికి కిటికీ ఒకటి, తలుపు ఒకటి, యజమాని ఒకడు. ఆ యజమానిని నేను. అందులో నా వాల్వు ఆంప్లిఫయరు కాపురం ఉండేది.

హెడ్‌ఫోన్లకు ముందు తగిలించే పెట్టె అది. పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు రెండు దాని నెత్తిమీద ఎర్రగా వెలుగుతుంటాయి. పాట ఫోనులోంచి బయల్దేరి, ఆ వాల్వుల్లో స్నానం చేసి, అప్పుడు నా చెవుల్లోకి వస్తుంది. స్నానం చేసిన పాటకీ చేయని పాటకీ తేడా మా ఇంట్లో నాకొక్కడికే తెలుసు. మిగతావాళ్ళకు తెలియకపోవడం కూడా నాకు ఒక సుఖమే.

మంచి శబ్దం కోసం నేను పడ్డ పాట్లు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. వచ్చిన వాల్వులు పీకి వేరేవి పెట్టాను. అవి పీకి మళ్ళీ మొదటివే పెట్టి, ఈసారి బాగా పలుకుతున్నాయని మురిశాను. పెట్టె అదరకుండా కింద నాపరాయి వేశాను. పాట వినాలంటే ముందు స్విచ్చి వేసి, వాల్వులు కాగేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. గేదె చేపుకు రాకముందే పొదుగు పట్టుకుంటే పాలిస్తుందా, వాల్వూ అంతే అని మా ఆవిడకు చెప్పేవాణ్ణి. పాల డైరీలో వెన్న శాతం చూసే ఉద్యోగం నాది. పోలికలకు దూరం వెళ్ళక్కర్లేదు.

అన్నిటికంటే ఘనకార్యం స్టెబిలైజరు. కరెంటులో మురికి ఉంటుందని ఎవరో రాస్తే చదివి, దాన్ని వడగట్టడానికి మేకపిల్లంత పెట్టె ఒకటి మోసుకొచ్చాను. దాన్ని ఆంప్లిఫయరుకు ఆనించి పెట్టాను. దూరంగా పెడితే, వడగట్టిన కరెంటు దారిలో మళ్ళీ మైలపడుతుందని నా భయం.

ఇంత చేసినా పాటకూ పాటకూ మధ్య, గోడ అవతల తేనెటీగ తిరుగుతున్నట్టు, సన్నని రొద వినబడేది. మొదట్లో చిరాకు పడ్డాను. అది ఎంతకీ పోకపోయేసరికి దానికి 'వాల్వు ఊపిరి' అని పేరు పెట్టి గౌరవించడం మొదలుపెట్టాను. నాలాంటి పిచ్చివాళ్ళ గుంపు ఒకటి ఫోనులో ఉంది. అందులో ఈ మాట రాస్తే పెద్దలు చాలామంది దణ్ణాలు పెట్టారు.

ఇలా ఉండగా మా అమ్మాయి పరీక్ష దగ్గరపడింది. అది లా కాలేజీలో చేరడానికి రాసే పరీక్ష. మాటలు వచ్చిన రోజు నుంచీ వాదిస్తూనే ఉంది కాబట్టి ఇంట్లో అందరం దాన్ని ప్లీడరూ అనే పిలుస్తాం. పోయినేడు కొద్దిలో సీటు తప్పింది. ఈసారీ తప్పితే ఆ ఆశ వదులుకుంటానని తనే అంది. అది చదివేది హాల్లో, భోజనాల బల్ల మీద. ఒక చెవిలో మా అమ్మ చూసే టీవీ, ఇంకో చెవిలో కుక్కరు కూతలు. తలుపేసుకుని నిశ్శబ్దంగా వింటున్నవాణ్ణి నేను.

ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, ఈ గది దానికి ఇచ్చెయ్యండి."

"మరి నా ఆంప్లిఫయరు?"

"చెవులకు తగిలించుకునేదే కదా. చెవులు ఎక్కడికెళ్తే అక్కడికొస్తుంది. దానికి గదెందుకు?"

ఆ ప్రశ్నకు భూమ్మీద జవాబు లేదు. అయినా నేను ఇచ్చాను. హాల్లో ఫ్రిజ్ ఉందనీ, అది ఉన్న లైను చెడిపోయిన లైననీ, మనుషులు నడిస్తే నేల అదురుతుందనీ, ఫ్యాను గాలికి వాల్వులు చల్లబడతాయనీ చెప్పుకుపోయాను.

"బాలింతకు కూడా ఇన్ని పథ్యాలు పెట్టలేదురా మేము," అంది మా అమ్మ టీవీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

ప్లీడరు పుస్తకం మూసింది. "నాన్నా, డైరీలో పాలు ఎలా పరీక్ష చేస్తారు?"

"సీసా మీద నంబరు ఉంటుంది. పోసినవాళ్ళ పేరు ఉండదు."

"ఎందుకని?"

"పేరు కనిపిస్తే మనవాళ్ళ పాలు చిక్కగా ఉన్నాయనిపిస్తుంది మరి."

అన్నాక తెలిసింది, బోనెక్కింది నేనేనని.

"అయితే మీ చెవులకూ పేరు కనిపించకుండా చేద్దాం. కళ్ళకు గంతలు కడతాం. ఆంప్లిఫయరు గదిలో ఉందో, హాల్లో చెప్పుల స్టాండు మీద ఉందో విని చెప్పండి. చెబితే గది మీదే. ఇంక అడగను. ఈ బల్ల మీదే చదువుకుంటా."

ఆ చివరి మాట దగ్గర దాని గొంతు కాస్త తగ్గింది. అది నాకు వినబడింది. అయినా సరేనన్నాను. నా చెవుల మీద నాకు అంత నమ్మకం.

గది గుమ్మంలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. రెండు వైపులకూ అందేలా, నేను ముచ్చటపడి కొన్న వేలెడు లావు పొడుగు వైరు తగిలించారు. కళ్ళ మీద తువ్వాలు బిగించారు. నేను అడుగుల చప్పుడు పోల్చకుండా తల్లీకూతుళ్ళు అటూ ఇటూ ఊరికే కూడా నడిచారు. నోరు మెదపనని మా అమ్మ చేత మాట తీసుకున్నారు.

మొదటిసారి పాట వచ్చింది. వెనకాల సన్నగా తేనెటీగ. మామూలు రోజైతే దాన్ని ఊపిరి అనేవాణ్ణి. ఇవాళ ఫ్రిజ్ అన్నాను. "హాలు. వినండి, కరెంటు ఎంత మురికిగా ఉందో."

స్విచ్చి ఆపారు, వాల్వులు చల్లారనిచ్చారు, నడిచారు, మళ్ళీ వేశారు.

రెండోసారి ఏమీ వినబడలేదు. పాట రాలేదనుకున్నాను. అంతలో పాడే ఆవిడ నోరు తెరిచే ముందు గాలి పీల్చుకోవడం తెలిసింది. తర్వాత గొంతు. దాని చుట్టూ ఖాళీ. అంత ఖాళీ నేనెప్పుడూ వినలేదు.

"గది," అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకున్నాను. "ఇదీ నా గది. ఈ నిశ్శబ్దం ఇంట్లో ఇంకెక్కడా దొరకదు."

"ఖాయమేనా నాన్నా?"

"కావాలంటే రాసిస్తాను."

పిల్ల ధర్మాత్మురాలు, ఇంకోసారి పెట్టి చూపించింది. తేనెటీగ వినగానే హాలన్నాను. తువ్వాలు విప్పారు. ఆంప్లిఫయరు గదిలో నాపరాయి మీద ఉంది. అంటే ఇందాక, నేను గుండె మీద చెయ్యి వేసుకున్నప్పుడు, మా అమ్మ చెప్పులకూ నా డైరీ బూట్లకూ మధ్య ఉందన్నమాట.

"మరి హాల్లో స్టెబిలైజరు ఎక్కడ పెట్టావ్?" ప్లీడరును అడిగాను.

"ఆ బండను ఎవరు మోస్తారు? ఇక్కడే వదిలేశాం. అక్కడ తిన్నగా గోడ ప్లగ్గులోనే పెట్టా."

నాకు అర్థమైంది. ఆ పెట్టె కడుపులో తీగచుట్ట ఉంటుంది. కరెంటు పారినంతసేపూ అది గుయ్‌మంటుంది. ఆ గుయ్‌ను పక్కనే ఆనుకున్న వాల్వు పట్టుకుని, చుక్క కారనివ్వకుండా నా చెవుల్లో పోస్తూ వచ్చింది. రొద పోవడానికి తెచ్చినదాన్నే రొదకు మూలంగా కూర్చోబెట్టి, దానికి పేరు పెట్టి, దణ్ణాలు కూడా పెట్టించాను.

"అయితే ఇన్నాళ్ళూ వీడు విన్నది ఆ పెట్టెనన్నమాట," అంది మా అమ్మ.

నేను ఆఖరి ప్రయత్నం చేశాను. "ఇప్పుడు తెలిసింది కదా. స్టెబిలైజరు తీసేస్తే గదిలోనూ ఇంత శుభ్రంగానే వస్తుంది."

"అంటే దీనికీ గదికీ సంబంధం లేదనేగా," అంది మా ఆవిడ.

ప్లీడరుకు వాదించే పనే పడలేదు. తల్లే కేసు కొట్టేసింది.

పుస్తకాలు నేనే మోశాను. బల్ల కిటికీ దగ్గరికి జరిపాను. ప్లీడరు లోపలికెళ్ళి, గది మధ్యలో నిలబడి ఒకసారి చుట్టూ చూసి, తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు నాకు కొత్తగా వినిపించింది. ఎప్పుడూ అటువైపు నుంచే విన్నాను.

సాయంత్రం చెప్పుల స్టాండు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. ముక్కుకు తోలు వాసన కొడుతోంది. వచ్చేపోయేవాళ్ళు నా కాళ్ళు దాటి వెళ్తున్నారు. చెవుల్లో మాత్రం, ఒట్టు, నా జీవితంలో అంత మంచి శబ్దం వినలేదు. ఒక పాట అయింది. ఇంకోటి పెట్టాను. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

ఎవరో భుజం తట్టారు. ప్లీడరు. హెడ్‌ఫోన్లు తీశాను.

"నాన్నా, పాడుతున్నారు."

"ఎవరు?"

"మీరే. బాగా గట్టిగా."

మా ఆవిడ వైపు చూశాను. "గదిలో ఉన్నప్పుడు కూడా పాడేవాణ్ణా?"

"పాడేవారు. మీ గది కదా అని ఊరుకున్నాం."

"సరే, నువ్వెళ్ళి చదువుకో. తలుపేసుకో," అన్నాను ప్లీడరుతో.

"వేసుకునే చదువుతున్నా నాన్నా."

తర్వాతి పాట పెదాలు పళ్ళ మధ్య పట్టుకుని విన్నాను.